బట్టీ తలుపు దగ్గర కుదిరిన ఒప్పందం

సర్వశక్తిమంతుడైన దేవునికి స్తోత్రం. మట్టిని తన చేతులతో పిసికి మనిషిని నిలబెట్టిన తొలి పనివాడు ఆయనే. ఆరు రోజులు పనిచేసి ఏడోనాడు విశ్రమించినవాడూ ఆయనే. ఆ సెలవు కోసం ఆయన ఎవరి బల్ల ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వపు ఉప్పు తిని, రెండు కాళ్ల మీద నడిచి ఇంటికి చేరుకున్న నన్ను కాపాడిన ఆ ప్రభువుకే మహిమ. ఇక నా తప్పు సంగతి చెబుతాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కార్మిక శాఖలో కొత్తగా చేరారు. మీ చేతికి విజయగాథల చిన్న పుస్తకం ఒకటి ఇచ్చి ఉంటారు. అందులో ఒక గాథ నాదే. శాలువా కప్పుకుని, ఎవరో పక్కనుంచి నవ్వమంటే నవ్విన మొహంతో నిలబడ్డ పెద్దమనిషిని నేనే. ఆ ఫోటో కింద రాసినదంతా జరిగిందే. జరిగినదంతా మాత్రం అందులో రాయలేదు.

నేను పదవీ విరమణకు దగ్గరపడిన రోజుల్లో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. యాజమాన్యాలకూ యూనియన్లకూ మధ్య సామూహిక బేరసారాలను ప్రోత్సహించాలని దాని సారాంశం. మంచి మాటే. కార్మికులు ఒక్కొక్కరుగా వెళ్లి గుమ్మంలో బతిమాలే బదులు అందరి తరఫునా ఒకరు కూర్చుని మాట్లాడితే ఎవరికి చేదు? అయితే ఫిషింగ్ హార్బర్‌లో మా ఆవిడా, చేపలమ్మే మనిషీ ఏ సర్క్యులర్ లేకుండానే ప్రతి శనివారం బేరమాడుకుంటారు. ఇద్దరికీ ఒకటే ధైర్యం. ఒకామె వద్దని వెళ్లిపోగలదు, ఇంకొకామె అమ్మనని తిప్పి పంపగలదు. ఆ ధైర్యం కార్మికుడికి ఎక్కడి నుంచి తేవాలో సర్క్యులర్‌లో రాయలేదు. నెల తిరిగేలోగా, నెలాఖరున జరిపే సామరస్య వారోత్సవానికి, ప్రతి అధికారీ కనీసం ఒక కొత్త ఒప్పందం చూపించాలని మాత్రం రాశారు. కుదరకపోతే కారణాలకు ఒక ఫారం, కుదిరితే ఫోటోలకు ఇంకో ఫారం. ఒప్పందంలో ఏముందో రాయడానికి దేనిలోనూ గడి లేదు.

ముందుగా రుషికొండలో సముద్రం కనిపించే ఒక హోటల్లో మాకు శిక్షణ ఇచ్చారు. శిక్షకుడు చలాకీ కుర్రాడు, మెడలో చిన్న మైకు. అధికారులనే రెండు వర్గాలుగా కూర్చోబెట్టి, కొందరిని యాజమాన్యం, కొందరిని కార్మికులు అనుకోమన్నాడు. మా పై అధికారి డిప్యూటీ గారు కార్మిక నాయకుడయ్యారు. రెండు నిమిషాల్లో యాజమాన్యం చెప్పినదానికల్లా ఒప్పుకుని లేచి చేతులు కలిపారు. శిక్షకుడు చప్పట్లు కొట్టించి, ఇదీ నమూనా అన్నాడు. ఆ హాల్లో నిజమైన కార్మికులు టీ అందించేవాళ్లే. వాళ్లకు యూనియన్ ఉందో లేదో అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

నా పక్కన కూర్చున్నది నా హోదాలోనే పనిచేసే స్నేహితుడు, భీమిలి వైపు రైతు బిడ్డ. అతను సింహాద్రి అప్పన్నకు మొక్కేవాడు, నేను చర్చికి వెళ్లేవాణ్ణి. మాకు ఏ చుట్టరికమూ లేకపోయినా ఇరవై ఏళ్లుగా బావా అనే పిలిచేవాడు. సముద్రం వైపు చూస్తూ చెవిలో అన్నాడు, "బావా, మన డిప్యూటీ లాటి లీడరు దొరికితే ఏ ఓనరుకీ మన శాఖతో పన్నేదు."

ఆ వారంలోనే నా దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. గాజువాక దాటాక కూర్మన్నపాలెం వెళ్లే దారిలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ ఉండేది. ఉక్కు కొలుముల లోపల పేర్చే ఇటుకలు తయారుచేసేవాళ్లు. ఈ మనిషి అక్కడి యూనియన్ సెక్రటరీ. యూనియన్ అంటే అప్పటికి ఒక రసీదు పుస్తకం, ఒక రబ్బరు ముద్ర, అతను. నలభై ఏళ్లుంటాయి, కనుబొమలు సగం లేవు. బట్టీలో ఇటుకలు కాలాక తలుపు స్థానంలో కట్టిన గోడ పగలగొట్టి, లోపలికి వెళ్లి ఇటుకలు చేత్తో మోసి తెచ్చే గుంపులో అతనూ ఒకడు.

"గోడ పగలగొట్టిన నాలుగ్గంటలకే లోనికి ఎల్లమంతన్నారు సార్," అన్నాడు. "తలకి తడి గోనె సుట్టుకుని ఎల్తన్నాం. బయటికొచ్చేసరికి గోనె ఎండిపోతంది. మాకింకేటీ వద్దు. ఒక రోజు సల్లారనివ్వమనండి."

అంతకుముందు వేసవిలో వాళ్లలో పెద్దవయసు ఆయన ఒకరు లోపలే పడిపోతే కాళ్లు పట్టుకుని బయటికి లాగారట. ప్రాణం దక్కింది, మనిషి పనికి దక్కలేదు. జీతాల సంగతి ఏమీ అడగరా అన్నాను. "బతికుంటే అదీ అడుగుతాం," అన్నాడు.

మేం చిన్నప్పటినుంచి ఆదివారం బడిలో విన్న బైబిలు కథే ఇది. ఇటుకలు చేసే బానిసల తరఫున ఒక నత్తి మాటల పెద్దాయన రాజు దగ్గరికి వెళ్లి సెలవు అడుగుతాడు. లోకంలో మొదటి డిమాండ్ల పత్రం అదేనని నేను మా చర్చి సంఘంలో ప్రసంగం కూడా చేశాను. అందరూ మెచ్చుకున్నారు. అలాంటి మనిషే నా బల్ల ముందు నిలబడితే, నాకు తోచిందల్లా నా ఒప్పందం దొరికిందనే సంతోషం.

ఆ ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజరు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాడు. మా సంఘంలో పెద్ద, మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడేవాడు. నేను వెళ్తే జీడిపప్పు పెట్టి టీ ఇచ్చాడు.

"మాది కుటుంబం లాంటి కంపెనీ బ్రదర్. కుటుంబంలో యూనియన్ ఏమిటండీ?" అన్నాడు. కావాలంటే పనివాళ్లలోంచి ఎనిమిది మందితో ఒక కమిటీ వేశామని, ఒప్పందమేదో వాళ్లతో చేసుకుంటామని చెప్పాడు. ఆ కుటుంబంలో పొయ్యిలోకి దూరేది ఎవరని నేను అడగలేదు. తల ఊపాను. ఆదివారం పక్కపక్కన మోకరించే మనిషి సోమవారం అబద్ధం ఆడడని అప్పట్లో నా నమ్మకం.

కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఎవరిదో తేల్చడానికి సరైన పద్ధతి రహస్య ఓటు. దానికి నోటీసు, పెట్టెలు, సిబ్బంది, కొన్ని రోజుల వ్యవధి కావాలి. నెలాఖరుకు ఎనిమిది రోజులే ఉంది. డిప్యూటీ గారిని అడిగితే, "ఓటు పెడితే ఎన్నికవుతుంది, ఎన్నికంటే గొడవవుతుంది. సామరస్య వారోత్సవంలో గొడవెందుకయ్యా?" అన్నారు. ఇంకేదైనా దారి చూడమన్నారు.

దారి నాకు మా సంఘంలో దొరికింది. ఇదే నా తప్పు, శ్రద్ధగా వినండి. మా దగ్గర ఏటా కమిటీ పెద్దల పేర్లు పాస్టరు గారు చదివి, అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి అంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఒక్క చెయ్యీ లేవలేదు. అందరం ఆత్మలో ఏకమై ఉన్నాం గనుక లేవలేదని నేను నమ్మాను. రేపు కూతురి పెళ్లి ఆ పాస్టరు గారే చెయ్యాలి, తండ్రి సమాధికి ఆ పెద్దలే స్థలం చూపించాలి అన్న సంగతి కూడా చేతులను కిందికి పట్టి ఉంచుతుందని నాకు తట్టలేదు.

షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీ ఆవరణలో నూటికి పైగా మనుషులను నిలబెట్టించాను. నా కుడిపక్క మేనేజరు. ఎనిమిది పేర్లూ చదివి, వీరు మీ తరఫున మాట్లాడటానికి అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి అన్నాను. సంఘంలో వచ్చే నిశ్శబ్దమే వచ్చింది. ఒక్క చెయ్యి లేచింది, సెక్రటరీది. అరచేతికి గుడ్డ కట్టి ఉంది. ఒకరు మినహా అందరూ సమ్మతించారని నేను అక్కడే రాసి సంతకం చేశాను.

తిరిగొచ్చేటప్పుడు జీపులో, నాతో వచ్చిన నా స్నేహితుడు అడిగాడు, "మేనేజరు నీ పక్కని నిలబడి ఫోను ఎత్తి అట్టుకున్నాడు, సూసావా బావా?"

ప్రచారానికి వీడియో తీస్తున్నాడన్నాను.

"అవున్లే. ఎవుడు సెయ్యెత్తాడో తెలీడానికి మంచి ప్రచారం."

మూడో రోజు సెక్రటరీని సస్పెండ్ చేశారు. సమావేశంలో క్రమశిక్షణ లేకుండా ప్రవర్తించాడని కారణం రాసి, సాక్ష్యంగా నా నివేదిక నకలు జతచేశారు. నా సంతకం అందులో బహు చక్కగా పడింది. అతను ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచాడు. కోపంగా ఉంటాడనుకున్నాను, లేడు.

"సెయ్యెత్తమన్నది మీరే గదా సార్," అన్నాడు.

జవాబు లేనప్పుడు భక్తులు చెప్పేదే చెప్పాను. నీకోసం ప్రార్థన చేస్తానన్నాను. చెయ్యండి, దానికేటి అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ద్వారకా నగర్‌లో హాలు తీసుకుని వారోత్సవం జరిపారు. వేదిక కంటే బ్యానరు పొడుగు, చివర్లు మడిచి కట్టారు. ఎనిమిది మంది కమిటీవాళ్లకూ ఎనిమిది శాలువాలు, నాకొకటి, మేనేజరుకొకటి. ఇద్దరు చేతులు కలుపుతున్నట్టు బంగారు రంగు వేసిన ప్లాస్టిక్ బొమ్మ కూడా ఇచ్చారు. ఒప్పందంలో పదకొండు అంశాలు. యూనిఫాం రంగు, ఆయుధ పూజకు మిఠాయి, ఏడాదికో క్రికెట్ పోటీ, ఇలా సాగుతుంది. బట్టీ చల్లారే సంగతి పదకొండోది. యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుందని రాశారు. ముప్పై ఏళ్లలో నేను చూసిన ఒప్పందాల్లో సానుభూతికి కొదవ ఎప్పుడూ లేదు.

మేనేజరు మాట్లాడుతూ ద్రాక్షతోట యజమాని ఉపమానం చెప్పాడు. సాయంత్రం వచ్చిన కూలీకి కూడా పొద్దున వచ్చినవాడితో సమానంగా ఇచ్చిన దయగల యజమాని. చప్పట్లు మోగాయి. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లు సణిగారని కూడా ఆ ఉపమానంలోనే ఉంది. సణిగినందుకు యజమాని వాళ్లను సస్పెండ్ చేశాడని మాత్రం ఎక్కడా లేదు. ఈ మాట నాకు వేదిక మీదే తట్టింది. మెడలో శాలువా ఉంది గనుక మింగేశాను.

ఆ ఆదివారం చర్చిలో అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల ఆరాధన. నీ మీద సహోదరుడికి ఏదైనా కోపకారణం ఉంటే ముందు వెళ్లి సరిచేసుకుని రమ్మని మాకు నేర్పారు. రొట్టె పళ్లెం నా దాకా వచ్చింది. ముందు వరసలో మేనేజరు అప్పటికే తీసుకుని కళ్లు మూసుకున్నాడు. నేను ముట్టకుండా పక్కకు అందించాను. మా ఆవిడ నావైపు చూసింది.

మర్నాడు ఆఫీసులో రెండో నివేదిక రాశాను. నేను జరిపిన విచారణ చెల్లదని, యాజమాన్యం సమక్షంలో చేతులెత్తమనడం నా తప్పని, రహస్య ఓటు జరిపించాలని, ఆ కాగితం ఆధారంగా చేసిన సస్పెన్షన్ నిలవదని రాశాను. నా స్నేహితుడు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ దేముడు మన్నిత్తాడు బావా. డిప్యూటీ మన్నించడు. ఇంకా ఏడు నెలలుంది నీకు, ఒగ్గేయ్."

పంపాను. వారంలో ఫైలు తిరిగొచ్చింది. అధికారి తన తప్పు తాను ఒప్పుకోవడం ఏ నిబంధన కింద వస్తుందో తెలపాలని మార్జిన్‌లో రాశారు. ఒప్పందం అప్పటికే రాజధానికి వెళ్లి, అక్కడ విజయగాథగా అచ్చుకు పోయిందట. అచ్చయిన దాన్ని వెనక్కి తీసుకునే ఫారం మా శాఖలో లేదు. తప్పు చేసినప్పుడు అడ్డురాని నిబంధనలన్నీ ఒప్పుకున్నప్పుడు లేచి నిలబడ్డాయి.

నా ప్రార్థన కోసమో, మా శాఖ కోసమో ఆ కార్మికులు కాచుకుని కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు. "అక్రమ సమ్మె బ్రదర్, వెంటనే రండి," అన్నాడు. గొంతులో పాటలప్పటి బలం లేదు.

స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. బట్టీ గోడ పగలగొట్టి ఉంది. పది అడుగుల దూరానికే మొహం చుర్రుమంటోంది. గేటు దగ్గర ఇటుకల కోసం లారీలు వరసగా నిలబడ్డాయి. బట్టీలోంచి ఇటుకలు మోసే దింపుడు గుంపు ముప్పై మంది దాకా రేకుల షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. హాజరు వేయించుకున్నారు, తలకు తడి గోనెలు కట్టుకున్నారు, సమ్మె అనే మాటే అనలేదు. ముందు కూర్చున్నది శాలువా కప్పించుకున్న ఎనిమిది మందిలో పెద్దాయన.

"ఒప్పందం మీద సంతకం పెట్టింది నువ్వే కదా?" అన్నాడు మేనేజరు.

"పెట్టినాను బాబూ. బట్టీ సంగతి పరిశీలిత్తావని రాసారు గదా. మేవూ కూకుని అదే పరిశీలిత్తన్నాం."

నా స్నేహితుడు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మేనేజరు నావైపు తిరిగి, వీళ్లను లోపలికి వెళ్లమని చెప్పమన్నాడు. నాకు ఆ అధికారం లేదు, మీరే వాళ్లతో మాట్లాడాలన్నాను. నా ఉద్యోగంలో సామూహిక బేరసారాలను నేను ప్రోత్సహించింది ఆ ఒక్క వాక్యంతోనే. ఎవరితో మాట్లాడాలన్నాడు మేనేజరు. మా సెక్రటరీతో అన్నాడు పెద్దాయన. అతను అప్పటికే గేటు బయట నిలబడి ఉన్నాడు.

సస్పెండైన మనిషిని లోపలికి రానివ్వడానికి పద్ధతి లేదు. చివరికి గేటు రిజిస్టర్లో అతణ్ణి సందర్శకుడిగా రాసుకుని పంపారు. పదేళ్లు ఇటుకలు మోసిన చోటికి చుట్టపుచూపుగా వచ్చాడు. ఇటుకలు పేర్చే చెక్కపలకల మీద కూర్చున్నారు. బ్యానరు లేదు, మైకు లేదు, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మేనేజరు ఆరు గంటలు ఆపుతామన్నాడు. సెక్రటరీ ఒక రోజు అన్నాడు. మేనేజరు ఎనిమిదన్నాడు. సెక్రటరీ ఒక రోజే అన్నాడు. కావాలంటే తలుపు దాకా వచ్చి చూడమని పిలిచాడు. మేనేజరు పంతానికి లేచి అయిదారు అడుగులు వేశాడు. కళ్లజోడు కమ్మీ వేడెక్కి చెవులు కాలాయేమో, జోడు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. తలుపు ఇంకా చాలా దూరంలో ఉంది.

లారీలు హారన్ కొడుతున్నాయి. నాలుగు గంటలు కావస్తుండగా బేరం దారికొచ్చింది. గోడ పగలగొట్టాక ఒక పూర్తి రోజు ఎవరూ లోపలికి వెళ్లరు. ఆ తర్వాత కూడా ఎప్పుడు వెళ్లాలో దింపుడు గుంపులో పెద్దవాడే చెబుతాడు. అంతా అయ్యాక మేనేజరు ఒక షరతు పెట్టాడు. కంపెనీ మర్యాద నిలబడాలంటే సెక్రటరీ రాజీనామా ఇవ్వాలి.

ముప్పై మందీ ఒక్కసారిగా లేచారు. వద్దు, అలాగైతే ఒప్పందమే వద్దని గోల చేశారు. సెక్రటరీ వాళ్లను కూర్చోమని సైగ చేశాడు.

"రేపు లోనికి ఎల్లేది మీరు," అన్నాడు వాళ్లతో. "నానున్నా నేకపోయినా బట్టీ సల్లారాల." మేనేజరు వైపు తిరిగి, "రాసీండి," అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అప్పుడు నేను నోరు తెరవాలి. బలవంతపు రాజీనామా చెల్లదని, అతని సస్పెన్షన్‌కు ఆధారమైన కాగితం తప్పని, ఆ తప్పు నేనే రాతపూర్వకంగా ఒప్పుకున్నానని చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒప్పందం ఎక్కడ చెదిరిపోతుందోనని భయం వేసింది. ఊరుకోవడమే శాంతి కదా అని నన్ను నేను ఒప్పించుకున్నాను. అతను రాజీనామా మీద సంతకం చేశాడు. ఒప్పందమూ రాజీనామా కలిపి ఒకే పేజీ, చేతిరాత. కింద సాక్షిగా నా పేరు రాశాను. మొదటి తప్పు తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను.

నమూనా ఫారంలో లేదు గనుక ఆ పేజీని మా శాఖ ఒప్పందంగా లెక్కలోకి తీసుకోలేదు. బట్టీ మాత్రం ఒక రోజు చల్లారుతూనే ఉందని విన్నాను. పెద్దాయన చెయ్యి లోపలికి చాచి చూసి తల ఊపితేనే గుంపు కదులుతుందట.

రిటైరయ్యాక కూర్మన్నపాలెం జంక్షన్‌లో సెక్రటరీ కనిపించాడు. పోర్టు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకు దింపే పనిలో ఉన్నాడట. కనుబొమలు మొలిచాయి. క్షమించమని అడుగుదామనుకున్నాను. అతనే ముందుగా నా ఆరోగ్యం అడిగాడు. ఏం చేస్తున్నారంటే, జరిగింది రాస్తున్నానన్నాను.

"రాయండి సార్. పేర్లు మట్టుకు ఎట్టకండి. పోర్టు కాడ ఇప్పుడిప్పుడే యూనియన్‌కి నలుగురు కూడతన్నారు," అన్నాడు. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

అందుకే ఇందులో పేర్లు లేవు. ఇప్పుడు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. అప్పన్నకు మొక్కేవాళ్లు అప్పన్నకే మొక్కండి, మసీదుకు వెళ్లేవాళ్లు అటువైపే తిరగండి, నమ్మకం లేనివాళ్లు ఊరికే కూర్చోండి. ఆ మనిషి కోసం వేడుకోమని అడగను, అతను నాకంటే దేవునికి దగ్గరివాడు. ఆ నలుగురూ ఏదో ఒక రోజు నలభై మంది అవుతారు, యజమాని ఎదుట కూర్చుంటారు, వాళ్ల మధ్య కుర్చీ వేసుకోవడానికి మన శాఖ నుంచి ఒక అధికారి వెళ్తారు. ప్రభువా, మాట్లాడవలసిన ఆ క్షణాన ఆ అధికారి నోరు నాలాగా మూతపడకుండా చూడు. గట్టిగా ప్రార్థించండి. ఆ అధికారి మీలోనే ఎవరో ఒకరు.